ఉప్పు లేని పండుగప్ప

విజయనగరంలో ఆ ఇంటి విందు గురించి అందరూ ఒకే కథ చెబుతారు. పెద్దావిడ పాతకాలం మనిషి, చేప కనబడేసరికి చేతి అలవాటు కొద్దీ ఉప్పు రాసేసింది. వంటకు వచ్చినావిడ చూసుకోలేదు. ఉప్పు తినకూడని పెద్దాయన తిని ఆసుపత్రి పాలయ్యాడు. ఇంతే కథ. చెప్పినవాళ్లు ఒక నిట్టూర్పు విడిచి టీ తాగుతారు.

ఆ వంటావిడను నేనే. చూసుకోలేదన్న మాట నిజం. దాన్ని ఎవరైనా మొహమాటానికి తగ్గించి చెబితే నేనే ఊరుకోను. ఆయన ఆసుపత్రికి వెళ్లడమూ నిజమే. నా పేచీ అంతా ఆ మొదటి మాటతో, ఆ 'చేతి అలవాటు'తో. నేను ఎవరితోనైనా వాదిస్తానని శ్రీకాకుళంలో నాకు పేరుంది కాబట్టి ఇది కూడా నా నోటిదురుసులో భాగమే అనుకున్నారు. అనుకోనివ్వండి. చివరిదాకా చదివి చెప్పండి.

నా పేరు భారతి. కెమిస్ట్రీతో బీఎస్సీ చదివాను. విశాఖపట్నంలో ఒక హోటల్ వంటగదిలో పదకొండేళ్లు, ఆ తర్వాత శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో విందు వంటలు చేస్తూ పద్నాలుగేళ్లు గడిపాను. భుజం పట్టేసి, బరువు ట్రే ఎత్తలేక ఈ ఏడాదే మానేశాను. ఇళ్లకు వెళ్లి విదేశీ వంటలు చేసే పనిలోకి ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు వస్తున్నారు. వాళ్లలో కొందరు నన్ను అడిగేది మసాలా కొలతలు. కొలతలు ఫోన్లో దొరుకుతాయి. ఫోన్లో దొరకనిది భయం. ఈ పనిలో దేనికి భయపడాలో తెలియకపోవడమే అసలు ప్రమాదం.

తలుపు మూసే వంట

ఓవెన్ వంట సుఖమని వీడియోల వాళ్లు చెబుతారు. చేపకు మసాలా పట్టించి, లోపల పెట్టి, తలుపు మూసి, హాయిగా కూర్చోమంటారు. అలా కూర్చున్నవాళ్లు ఎప్పుడూ పరాయి ఇంట్లో, పరాయి ఓవెన్లో, పదిమంది ఆకలి మీద ఉండగా వండి ఉండరు.

మన చేపల పులుసు ఎంత దయగల వంటో ఓవెన్ ముందు నిలబడ్డాకే నాకు తెలిసింది. పులుసు మరుగుతుంటే గరిటె చివర ముంచి నాలుక మీద వేసుకోవచ్చు. ఉప్పు ఎక్కువైతే నీళ్లు, చింతపండు రసం పోసి సర్దుకోవచ్చు. తక్కువైతే చల్లుకోవచ్చు. చివరి నిమిషం దాకా మన తప్పును మనం దిద్దుకునే వీలుంటుంది. ఓవెన్లో పెట్టిన చేపకు అది లేదు. తలుపు మూశాక మన మాట అది వినదు.

నాకు ఈ పని నేర్పింది హోటల్లో మా పెద్ద మేస్త్రి గురుమూర్తి గారు. చీపురుపల్లి మనిషి. తిట్టకుండా ఒక్క పూట గడపలేడు. ఆయన మంచి గురువు అని నేను అనను. నాలుగేళ్లు నా చేత ఉల్లిపాయలే కోయించాడు, నా తర్వాత వచ్చిన మగపిల్లలకు మాత్రం పొయ్యి ఇచ్చాడు. దాని గురించి ఆయనతో పదిమంది ముందు పోట్లాడాను. అయినా ఆయన చెప్పిన రెండు మాటలు ఇవాళ్టికీ నిజం.

మొదటిసారి చేపను ఓవెన్లో పెట్టినప్పుడు భయంకొద్దీ ఆరుసార్లు తలుపు తెరిచి చూశాను. వెనక నుంచి అరిచాడు.

"ఏటే గుంటా, అది బీరువా అనుకున్నావేటి? తీస్తన్నావు, మూస్తన్నావు. నోపల నీ పట్టుసీరలు ఉన్నాయా?"

"ఉడికిందో లేదో చూడాలి కదండీ."

"తలుపు తీసినంతసేపూ అది ఉడకదు, ఎండిపోతాది. ముందే సూసుకోవాల. పెట్టకముందు సూసుకోవాల, తీసిన తర్వాత సూసుకోవాల. మద్దెలో నీకేటి పని?"

తీసిన తర్వాత చూడటానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. తల పక్కన, చెంప దగ్గర చిన్న ముక్క తీసి వండినవాళ్లు తినాలి. అది తినకుండా పళ్లెం వంటగది దాటకూడదు. చేప అందం చెడుతుందని నేను వాదించాను. "అందం సూడ్డానికొచ్చినోడు సినిమాకెల్తాడు" అన్నాడు.

ఈ పద్ధతిని ఇరవై ఏళ్లకు పైగా పాటించాను. ఒక్కసారి తప్పాను.

నూకాలమ్మ నవ్వు

ఇళ్లలో వంట మొదలుపెట్టాక నాకు చేపలు అమ్మింది నూకాలమ్మ. భావనపాడులో వాళ్లకు పడవ ఉంది. తెల్లారేసరికి సరుకు పట్టుకుని శ్రీకాకుళం మార్కెట్లో కూర్చుంటుంది. మేము వ్యవసాయం చేసుకునే ఇంటివాళ్లం, చేప గురించి మాకు తెలిసింది తినడమే. నేను కళ్లు మెరుస్తున్నాయా లేదా అని చూసి, తెలిసినదానిలా తల ఊపేదాన్ని. నూకాలమ్మ పక్కనున్నవాళ్లను పిలిచి మరీ నవ్వింది.

"సూడండే, కాలేజీ అమ్మ సేపకి పెళ్లిసూపులు సూస్తన్నాది! కళ్లు కాదే తల్లీ, మొప్ప ఎత్తు. పొట్ట నొక్కు. ఏలు తీసీగానే గుంట పూడిపోవాల."

ఆమె దగ్గర నేర్చుకున్న మరో సంగతి, ఈ కథకు అవసరమైనది, చెప్పాలి. మా వైపు చేప ఇంట్లోకి రాగానే ఉప్పు, పసుపు కలిపి రాసి రుద్ది కడుగుతారు. అది రాయని చేపను ఇంకా ఇంట్లోకి రానట్టే చూస్తారు. నేను మాత్రం ఓవెన్ వంటకు వట్టి నీళ్లతో కడగమనేదాన్ని, ఎందుకంటే కేజన్ అనే అమెరికా మసాలాలో అన్నీ లెక్కప్రకారం పడాలి, పైగా పసుపు అంటితే ఎంత కడిగినా పొట్ట లోపల, గాట్ల అంచుల్లో పచ్చగా మిగిలిపోతుంది. నూకాలమ్మకు అది పెద్ద అప్రాచ్యంగా తోచేది.

"ఉప్పూ పసుపూ రాయకండా ఎలగ తింటారే ఆ దొరలు? నీసుకంపు కొట్టదేటి?"

"ఉప్పు మసాలాలో ఉంటుంది నూకాలమ్మా."

"మరి పసుపో?"

నేను డబ్బులిచ్చి చేప సంచీలో వేసుకునేదాన్ని. ఉప్పు, పసుపు అని ఆమె ఎప్పుడూ విడివిడిగా అనలేదు. ఒకే ఊపిరిలో, ఒకే వస్తువులా అనేది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

బాబాయిగారి కోరిక

విజయనగరం నుంచి సుజాత అనే అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తల్లిదండ్రులు ఆమె దగ్గరే ఉంటారు. తండ్రి సూర్యనారాయణ గారు ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజిను గదిలో పనిచేశారు. నేను ఆయన్ను బాబాయిగారని, భార్య అప్పలనరసమ్మ గారిని పిన్నిగారని పిలిచాను. ఇద్దరూ సముద్రం మీద బతికిన ఇళ్లలో పుట్టినవాళ్లే.

బాబాయిగారి గుండె బలహీనపడి రెండేళ్లయింది. ఒంట్లో నీరు చేరుతుంది. డాక్టరు ఉప్పు దాదాపు మాన్పించేశాడు. రోజూ పొద్దున్న తూకం చూసుకోవాలి, ఒక్క రోజులో బరువు పెరిగితే నీరు పట్టినట్టే. ఉప్పు లేని కూడు తినలేక ఆయన తిండే తగ్గించేశాడు. చొక్కాలో మనిషి కనబడటం లేదు. ఏం తినాలనుందని సుజాత అడిగితే, ఓడ రేవులో ఆగినప్పుడు తిన్న ఎర్ర మసాలా చేప అన్నాడట.

నేను మాట్లాడటానికి వెళ్లిన రోజు ఆయనే చెప్పాడు.

"న్యూ ఓర్లీన్స్ అని ఒక రేవు ఉన్నాది. అక్కడ రేవు పక్క సందులో ఒక ముసలమ్మ మాకు బోజనం పెట్టీది. ఒకే ఒక సేప, తలకాయతో సహా, ఎర్రగా కాల్సి, బల్ల మీద పెట్టీసి ఎల్లిపోయీది. కొయ్యడమూ నేదు, వడ్డించడమూ నేదు. మన భావనపాడులో కూకున్నట్టే ఉండీది."

"మీ నోరు ఇంకా ఆ సందులోనే ఉన్నాది" అంది పిన్నిగారు, మెంతికూర ఒలుస్తూ.

కేజన్ అంటే ఆ రేవు చుట్టుపక్కల బురదనేలల్లో చేపలు, రొయ్యలు పట్టుకుని బతికిన జనం వంట. కారం, మిరియాలు, వెల్లుల్లి, ఉల్లి, రెండు మూడు ఎండుటాకుల పొడి. మనవాళ్లకు అర్థం కాని వంటేమీ కాదు. కొట్లో దొరికే డబ్బాలో మాత్రం అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఉప్పు. డబ్బా వాడనని, నేనే కలుపుతానని, చిటికెడు ఉప్పు కూడా వెయ్యనని సుజాతకు మాటిచ్చాను. అది మామూలు మాట కాదు. "ఆయన బాగా తింటే చాలు అక్కా, కానీ ఉప్పు మాత్రం..." అని ఆ పిల్ల వాక్యం పూర్తి చెయ్యలేకపోయింది.

వంటగదిలో పిన్నిగారిని అడిగాను, రోజూ రెండు కూరలు వండుతున్నారా అని.

"రెండేల తల్లీ? ఒకటే. నేనూ సప్పిడే తింటన్నాను. ఆయన ముందర కూకుని నేను ఉప్పు కూడు ఎలగ తింటాను?"

ఉప్పు డబ్బా ఎక్కడో పై అలమారలో ఉంది. సుజాత తన కంచంలో చల్లుకోవడానికి తీసినప్పుడే దిగుతుంది. ఇది కూడా గుర్తుంచుకోండి.

నాలుగింటికి ఫ్రిజ్‌లో

నేను చేసిన మొదటి తప్పు ఒకే రోజు రెండు ఇళ్లు ఒప్పుకోవడం. మధ్యాహ్నం అదే ఊళ్లో ఇంకో ఇంట్లో భోజనాలు, సాయంత్రం సుజాత ఇల్లు. తెల్లవారుజామునే నూకాలమ్మ దగ్గర కిలోన్నర పండుగప్ప తీసుకుని, పొలుసు తీయించి, పొట్ట శుభ్రం చేయించి, ఐసు పెట్టెలో రైలెక్కాను. పదింటికి సుజాత ఇంట్లో స్టీలు గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. సుజాత కాలేజీకి బయలుదేరుతోంది. పిన్నిగారితో దీన్ని కదపవద్దని చెప్పాను. చెప్పానా? 'చూస్తుండండి పిన్నిగారూ' అన్నానేమో. ఏ మాట అన్నానో ఈ రోజు ప్రమాణం చేసి చెప్పలేను. చూస్తుండమనడానికీ ముట్టుకోవద్దనడానికీ ఎంత దూరమో ఈ పనిలోకి వచ్చే పిల్లలు తెలుసుకోవాలి.

నాలుగింటికి తిరిగొచ్చాను. అలిసిపోయి ఉన్నాను. మధ్యాహ్నం వండిన ఇంట్లో ఎవరో అన్న మాట ఇంకా మనసులో నలుగుతోంది. గిన్నె మూత తీశాను. పిన్నిగారు గుమ్మంలో నిలబడి, "మళ్లీ ఒకసారి కడిగీసినాను తల్లీ, నీకు పని తగ్గుతాదని" అంది.

సంతోషించాను. అవును, సంతోషించాను. చేప తెల్లగా, శుభ్రంగా ఉంది. గిన్నె అడుగున కాస్త నీరు ఊరితే ఒంపేశాను. వేలితో నొక్కితే కండ గట్టిగా, బిర్రుగా ఉంది. నూకాలమ్మ ఎంత మంచి చేప ఇచ్చిందో అనుకున్నాను. ఉప్పు పట్టిన కండ నీరు వదిలి బిగుస్తుందని కెమిస్ట్రీ చదివిన మనిషికి ఎవరు చెప్పాలి? గిన్నెలో నీరు చెప్పింది, వేలి కింద కండ చెప్పింది. రెండూ నా ముఖం మీదే చెప్పాయి. నేను వాటిని నా పనికి మెచ్చుకోళ్లుగా తీసుకున్నాను.

అడగాల్సిన ప్రశ్న ఒకటే. కడిగేటప్పుడు ఏం వాడారు? మూడు మాటలు. అడగలేదు. ఎవరి ఇంటి పెద్దావిడను ఎలా అడుగుతామన్న మొహమాటం అని చెప్పుకోవచ్చు గానీ, నాకు మొహమాటం లేదని ఊరంతా ఎరుగుదురు. అడగాలని తట్టలేదు.

కాశ్మీరీ మిరప్పొడి, కొద్దిగా ఘాటు కారం, మిరియాలు, ఎండు వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి కలిపాను. ఆ దేశపు ఎండుటాకు బదులు గురుమూర్తి గారు నేర్పినట్టు నూరిన వాము. ఆ ఆకు వాసనా వాము వాసనా దగ్గర చుట్టాలు. ఇంట్లో తీసిన వెన్న, ఉప్పు లేనిది. నిమ్మరసం. ఉప్పు లోటు పుల్లదనంతో, ఘాటుతో కప్పాలని నా ఎత్తు. గాట్లు పెట్టి మసాలా దట్టించి, కింద ఉల్లిపాయ, క్యాప్సికం చక్రాలు పరిచి ఓవెన్లో పెట్టాను. తలుపు మూశాను.

అక్కణ్ణుంచి భయం. సుజాత వాళ్ల ఓవెన్ వెనకవైపు ఎక్కువ కాలుతుంది, నాకు అలవాటు లేనిది. గాజులోంచి చూస్తే అంతా ఎర్రగానే కనబడుతుంది, మాడుతోందో పండుతోందో తెలియదు. బాబాయిగారు అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత ఆయన భోజనానికి పిలవకముందే వచ్చి కూర్చోవడం అదే మొదటిసారని సుజాత నా చెవిలో చెప్పింది. నేను మళ్లీ ఓవెన్ గాజు ముందు వంగాను. ఆ చేప ఎండిపోతే ఆ చొక్కా విప్పి ఆయన మళ్లీ మంచం మీద పడుకుంటాడు, ఇక లేవడు. అప్పుడు నాకు తెలిసిన ప్రమాదం అదొక్కటే.

చెంప ముక్క

ఆరున్నరకు తీశాను. తోక అంచు కాస్త నల్లబడింది గానీ కండ పొరలుగా విడిపోతోంది. చెంప దగ్గరకు చెంచా తీసుకెళ్లాను.

"ఒద్దొద్దు," బల్ల దగ్గర్నుంచే కేక వేశాడు బాబాయిగారు. "అలగే అట్టుకొచ్చీ. తలకాయతో సహా ఉండాల."

చెంచా దించాను. ఇరవై ఏళ్ల పద్ధతి ఒక ముసలాయన కేకకు పక్కకు జరిగింది. జరగనిచ్చాను. ఎందుకంటే ఉప్పు నేను వెయ్యలేదు కదా. నేను వెయ్యలేదనేది ఒక సంగతి, అందులో లేదనేది ఇంకో సంగతి. ఆ సాయంత్రం నాకు అవి రెండూ ఒకటే.

బల్ల మధ్యలో పెట్టాను. ఆయన వీపు దగ్గర ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. కళ్లు పైకెత్తి ఎదురుగా నిలబడ్డ పిన్నిగారి వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుంది. ఆయన మళ్లీ నమిలాడు, ఈసారి నెమ్మదిగా.

"ఎలగున్నాది నాన్నా?" సుజాత అడిగింది.

"ఇదే. ఇదే రుచి."

నేను పొంగిపోయాను. ఉప్పు లేకుండా ఆ రుచి తెప్పించానని, నా వాము, నా నిమ్మరసం ఆ పని చేశాయని గోడకు ఆనుకుని నన్ను నేను మెచ్చుకున్నాను. ఆయన సగం చేప తిన్నాడు. సుజాత ఆ రోజు ఏదో ఉపవాసం, ముట్టలేదు. పిన్నిగారిని కూర్చోమంటే "మీరు తినండి, నాకు ఆకలి నేదు" అంది.

మిగిలింది వంటగదిలోకి తెచ్చుకుని అప్పుడు చెంప ముక్క తీసి నోట్లో వేసుకున్నాను.

ఉప్పగా ఉంది. నాకూ మీకూ అయితే సరిగ్గా సరిపోయింది అనిపించేంత ఉప్పు. అందుకే ఇంకా భయం. పైపైన నాలుకకు తగిలే ఉప్పు కాదు. లోపల కండదాకా పట్టిన ఉప్పు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి, ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. నేను వెంటనే బయటకు పరిగెత్తలేదు. ట్రే కడిగాను. ఓవెన్ తుడిచాను. నా పేరు ఏమవుతుందో ఆలోచించాను. అవతల గదిలో ఆయన ఓడ కబుర్లు చెబుతున్నాడు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎంతసేపు తీసుకుంటున్నాడో గోడ ఇవతల లెక్కపెట్టాను. ఇరవై నిమిషాలు గడిచి ఉంటాయి. ఆ ఇరవై నిమిషాలు పెద్దావిడవి కావు, నావి.

తర్వాత సుజాతను పిలిచి చెప్పాను.

"ఉప్పు వేశారా అక్కా?"

"నేను వెయ్యలేదు. కానీ అందులో ఉంది."

పిన్నిగారు మా వెనకే ఉంది. ఆమె ముఖం చూసి సుజాతకు అర్థమైంది. "అమ్మా, కడిగినప్పుడు ఉప్పు రాశావా?"

"రాసినట్టున్నానే. సెయ్యి అలవాటు కదే. సేపని సూస్తే సెయ్యి ఊరుకోదు" అని ఏడుపు మొదలుపెట్టింది.

'చేతి అలవాటు' అన్న మాట పుట్టింది అక్కడ.

తూకం

సుజాత డాక్టరుకు ఫోన్ చేసింది. ఆ రాత్రికి నీళ్లు తగ్గించమన్నాడు. తల ఎత్తులో పెట్టి పడుకోబెట్టమన్నాడు, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగవద్దన్నాడు. పొద్దున్న తూకం చూసి చెప్పమన్నాడు. నేను శ్రీకాకుళం బండెక్కాను. దారిపొడవునా ఫోను అరచేతిలోనే ఉంది.

పొద్దున్న ఆరింటికి మోగింది. కిలోన్నర పెరిగాడని, కాళ్లు ఉబ్బాయని సుజాత చెప్పింది. కిలోన్నర. నేను తీసుకెళ్లిన చేప బరువు అంతే. అది కాకతాళీయమని నాకూ తెలుసు. అయినా ఇప్పటికీ మార్కెట్లో తక్కెడ మీద చేప వేసి ఆ అంకె చెబితే ఇంకో చేప వెయ్యమంటాను.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, మందిచ్చి నీరు తీసేసి పంపారు. ఆ రెండు రోజులూ నేను వేరే ఇంట వండలేదు. మూడో రోజు వండబోతూ ప్రతి డబ్బా తెరిచి నాలుక మీద వేసుకుని చూశాను, పంచదార డబ్బాతో సహా.

తర్వాత విందులకు పిలిచే రెండిళ్లు పిలవడం మానేశాయి. ఒకావిడ ఫోన్లో, "పాపం ముసలావిడ అలవాటు, నువ్వేం చేస్తావులే" అంది జాలిగా. నాకు ఒళ్లు మండింది. నేనేం చెయ్యగలనో ఆమెకు వరసగా చెప్పాను. అడగొచ్చు, గిన్నెలో నీరు నాకి చూడొచ్చు, చెంప ముక్క తినొచ్చు. మూడు తలుపులు తెరిచే ఉన్నాయి, నాలుగోది మాత్రమే ఓవెన్‌ది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది అదే. మీ కన్నా ముందు ఆ చేపను ముట్టింది ఎవరో, ఏ చేత్తోనో తెలియకుండా ఓవెన్ వెలిగించకండి. ఎవరికి కోపమొచ్చినా సరే అడగండి.

పసుపు

వారం తర్వాత బాబాయిగారిని చూడటానికి వెళ్లాను. మంచం మీద కాదు, వరండాలో కుర్చీలో ఉన్నాడు. నన్ను చూడగానే గొంతు తగ్గించి అడిగాడు.

"భారతీ, మల్లీ ఎప్పుడు?"

లోపల్నుంచి పిన్నిగారు విన్నది. "ఇంకేటి మల్లీ! నోరు ముయ్యండి. పొయ్యేవోరు పోతారు, సచ్చేది మేము."

"నేనేటన్నానే? పలకరిస్తన్నాను."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు చోటు లేదు. అది నలభై ఏళ్లు కలిసి తిన్నవాళ్ల నవ్వు. ఎందుకో నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం మా ఇంటికి చేప వచ్చింది. పులుసుకి. నేను ఆలోచించకుండానే నా చెయ్యి అలమారలోకి వెళ్లింది. గుప్పెడు రాళ్ల ఉప్పు తీసింది. మరుక్షణం పక్కనున్న పసుపు డబ్బా తీసింది. అక్కడ ఆగిపోయాను. 

అలవాటు అంటే ఇదీ. ఉప్పు దగ్గర అది ఆగదు. మా వైపు ఏ ఆడదాని చెయ్యీ ఆగదు. నూకాలమ్మది ఆగదు, మా అమ్మది ఆగలేదు. ఆ గిన్నెలోని పండుగప్ప మాత్రం తెల్లగా ఉంది. పొట్ట లోపల కూడా తెల్లగా ఉంది, నేను వేలు పెట్టి చూశాను. పసుపు రాసి ఉంటే నాలుగింటికి మూత తీసిన క్షణంలోనే నాకు పచ్చగా కనబడేది. ఆ వంట ఆగిపోయేది.

పైగా ఏ అలవాటు? రెండేళ్లుగా ఆ చెయ్యి ఉప్పు ముట్టలేదు. తన కంచంలో కూడా వేసుకోలేదు. ఉప్పు డబ్బా పై అలమారలో ఉంది, దానికోసం పీట ఎక్కాలి. చేపకు ఉప్పు ఎంతసేపట్లో పడుతుందో, పైకి తెలియకుండా ఎప్పుడు కడిగెయ్యాలో, ఉప్పు చేపలు ఎండబెట్టిన ఇంట్లో పుట్టిన ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

ఇదంతా నేను ఊహించుకున్నదే కావచ్చు. ఆ రోజు ఇంట్లో పసుపు అయిపోయి ఉండొచ్చు. నేను 'కదపవద్దు' అన్నది విని పసుపు దగ్గర ఆమె భయపడి ఉండొచ్చు. ఈ మాటలు నాతో నేను చాలాసార్లు వాదించుకున్నాను, ప్రతిసారీ రెండు పక్షాలూ నేనే, ఏ పక్షమూ నెగ్గలేదు. సుజాతకు చెప్పలేదు. చెబితే ఆ ఇంట్లో ఏం విరుగుతుందో నాకు తెలియదు. అడిగితే నా తప్పు తగ్గించుకోవడానికి అడుగుతున్నాననుకుంటారు. నా తప్పు తగ్గదు. పిన్నిగారు ఏం చేసినా, ఎందుకు చేసినా, చెంప ముక్క తినకుండా పళ్లెం దాటించింది నేను.

ఇంతకీ బాబాయిగారు బాగానే ఉన్నారు. చప్పిడి కూడే తింటున్నారు. పిన్నిగారూ అదే తింటున్నారు. పోయిన నెల విజయనగరం బజారులో కనబడి నా చెయ్యి పట్టుకుంది. "ఆ పొద్దు కడుపునిండా తిన్నారు తల్లీ" అంది. అంతే అంది. క్షమించమనలేదు, క్షమించాననలేదు. ఆమె చేతిలో కూరగాయల సంచీ ఉంది. ఒక ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరితోనైనా వాదించే నేను, గురుమూర్తి గారినే పదిమందిలో నిలదీసిన నేను, అడగకుండానే బస్సెక్కి ఇంటికి తిరిగొచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు చేపకు పసుపు ఎందుకు రాయలేదు పిన్నిగారూ?